ఆ చేతికి జీతం ఎవరిస్తారు?

హెలెన్ కెల్లర్ పేరు వినని వాళ్లు మనలో తక్కువే. 19 నెలల పసితనంలో జబ్బు చేసి ఆమెకు చూపు, వినికిడి రెండూ పోయాయి. ఆరేళ్ల వయసులో, 1887లో, ఆనీ సలివన్ అనే టీచరు వాళ్లింటికి వచ్చింది. పిల్ల చెయ్యి నీళ్ల పంపు కింద పెట్టి, రెండో చేతిలో వేళ్ల గుర్తులతో ఆ నీళ్ల పేరు అక్షరం అక్షరంగా తెలియజెప్పింది. ఆ పిల్లే 1904లో రాడ్‌క్లిఫ్ కాలేజీలో పట్టా పుచ్చుకుంది. 1955లో మన దేశానికి కూడా వచ్చి వెళ్లింది.

ఈ కథ చెప్పినప్పుడల్లా శిష్యురాలి పట్టుదలనూ గురువు ఓర్పునూ మెచ్చుకుంటాం. మెచ్చుకోవలసిందే. అయితే ఈ కథలో డబ్బు సంగతి ఒకటుంది, దాన్ని ఎందుకో ఎవరూ పిల్లలకు చెప్పరు. ఆనీకి నెలకు 25 డాలర్ల జీతం ఒప్పుకున్నది హెలెన్ తండ్రి. కొన్నాళ్లకు ఆయన చేతిలో డబ్బు ఆడక ఆ జీతం నిలిచిపోయింది. కాలేజీ చదువు వచ్చేసరికి స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ పెద్దల్లో ఒకరైన హెన్రీ రోజర్స్ ఆదుకున్నాడు. ఆ తర్వాత ఆండ్రూ కార్నెగీ ఏటా కొంత సొమ్ము ముట్టే ఏర్పాటు చేశాడు. ప్రొఫెసరు పాఠం చెబుతుంటే పక్కన కూర్చుని ప్రతి మాటనూ హెలెన్ అరచేతిలో చెప్పింది ఆనీయే. 1936లో కన్నుమూసేదాకా, 49 ఏళ్లపాటు, ఆమె హెలెన్‌ను విడిచిపెట్టలేదు. ఆ తర్వాత ఆ పని పాలీ థామ్సన్ చూసుకుంది. అంటే హెలెన్‌కు జీవితాంతం పక్కన ఒక మనిషి ఉంది. ఆ మనిషి పోషణకు ఎవరో ఒక ధనవంతుడు దొరుకుతూ వచ్చాడు.

ఆనీ సంగతి వేరు. ఆమె పేదింటి పిల్ల. తల్లి పోయింది, తండ్రి వదిలేశాడు. ట్రకోమా వల్ల చూపు మసకబారింది. మసాచుసెట్స్ రాష్ట్రం నడిపే ట్యూక్స్‌బరీ పేదల ఆశ్రమంలో తమ్ముడితో కలిసి చేరింది. ఆ తమ్ముడు అక్కడే చనిపోయాడు. 1880లో తనిఖీకి వచ్చిన అధికారుల వెంటపడి, చదువుకుంటానని మొరపెట్టుకుంటే, రాష్ట్రం ఖర్చుమీద ఆమెను పెర్కిన్స్ అంధుల పాఠశాలకు పంపారు. అక్కడే లారా బ్రిడ్జ్‌మన్ ఉండేది. చూపు, వినికిడి రెండూ పోయిన ఆ అమ్మాయికి 1837లో డాక్టర్ శామ్యూల్ హౌ చదువు మొదలుపెట్టాడు. చెంచాలకు, తాళంచెవులకు ఉబ్బెత్తు అక్షరాల చీటీలు అంటించి తడిమించేవాడు. వేళ్ల గుర్తులతో మాట్లాడటం ఆనీకి లారా దగ్గరే వచ్చింది. హెలెన్‌కు చదువు చెప్పిన టీచరు సర్కారు సొమ్ముతో తయారైన మనిషి అన్నమాట.

ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది ఈ సంగతి చుట్టూనే తిరుగుతుంది. చూపు, వినికిడి రెండూ లేనివారికి, అంటే బధిరాంధులకు, సహాయం అంటే ముందుగా తర్ఫీదు పొందిన ఒక మనిషి. పరికరం, పింఛను, బడి గది ఆ తర్వాత వస్తాయి. ఆ మనిషికి జీతం ఎవరిస్తారన్నది తేల్చకుండా ఎన్ని పథకాలు రాసినా వాళ్ల చేతికి అందేది తక్కువ. దాతలు దొరికినప్పుడు సంతోషమే. కానీ ఒక మనిషి మాట్లాడటం, చదవటం, బయటికి వెళ్లటం దాత దొరకడం మీద ఆధారపడకూడదని నా గట్టి నమ్మకం.

బధిరాంధులంటే అందరికీ పూర్తి చీకటి, పూర్తి నిశ్శబ్దం అని అనుకోనక్కర్లేదు. చాలామందికి కొంచెం చూపు మిగిలి ఉంటుంది, కొంచెం వినికిడి మిగిలి ఉంటుంది. అయితే గుడ్డివాడు చెవితో, చెవిటివాడు కంటితో లోటు పూడ్చుకుంటారు. ఇక్కడ ఆ దారి కూడా మూసుకుపోతుంది. అందుకే దీన్ని రెండు వైకల్యాల మొత్తంగా కాక, తనకంటూ వేరే అవసరాలున్న ఒక స్థితిగా లెక్కించాలని నిపుణులు చెబుతారు. బధిరాంధుల ప్రపంచ సమాఖ్య 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం తీవ్ర స్థాయిలో ఉన్నవారు జనాభాలో 0.2 శాతం, తక్కువ స్థాయి కూడా కలుపుకుంటే 2 శాతం దాకా ఉంటారు. వెయ్యిమందిలో ఇద్దరు అనుకున్నా, ఒక మోస్తరు మండలంలో పదుల సంఖ్యలో ఉండాలి. వృద్ధాప్యంలో చెవీ కన్నూ రెండూ మందగించిన తాతలు, అమ్మమ్మలు ఈ లెక్కలోకే వస్తారు. వాళ్లను మనం ముసలితనం అని వదిలేస్తున్నాం.

పుట్టుకతో వచ్చేదానికి ఒక పెద్ద కారణం రుబెల్లా. గర్భవతికి మొదటి నెలల్లో ఈ వైరస్ సోకితే ఆమెకు ఒంటిమీద దద్దుర్లు, కాస్త జ్వరం తప్ప మరేమీ తెలియకపోవచ్చు. పుట్టిన బిడ్డకు మాత్రం కళ్లలో శుక్లాలు, చెవుడు, గుండెలో లోపం రావచ్చు. ఈ సంబంధాన్ని 1941లో ఆస్ట్రేలియా కంటి వైద్యుడు నార్మన్ గ్రెగ్ కనిపెట్టాడు. 1964, 65 సంవత్సరాల్లో అమెరికాలో ఈ వ్యాధి చెలరేగినప్పుడు దాదాపు 20 వేల మంది పిల్లలు దాని దెబ్బతో పుట్టారు. వారిలో 11 వేల పైచిలుకు మందికి చెవుడు, మూడున్నర వేల మందికి అంధత్వం వచ్చాయి. రెండూ ఉన్న పిల్లలు ఒక్కసారిగా వేలల్లోకి వచ్చేసరికి ఏ బడికి పంపాలో ఎవరికీ తెలియలేదు. అంధుల బడికి వెళ్తే చెవిటి పిల్లను తీసుకోం అన్నారు, బధిరుల బడికి వెళ్తే గుడ్డి పిల్లను తీసుకోం అన్నారు. తల్లిదండ్రులు గుంపుగా కదిలారు. అప్పుడు కేంద్ర ప్రభుత్వం కదిలింది. 1967లో హెలెన్ కెల్లర్ పేరిట పెద్దల కోసం జాతీయ కేంద్రానికి చట్టం చేశారు, 1968లో పిల్లల కోసం ప్రాంతీయ కేంద్రాలకు నిధులు ఇచ్చే చట్టం వచ్చింది. ఇప్పుడు ఆ దేశపు ప్రత్యేక విద్యా చట్టంలో బధిరాంధత్వానికి విడిగా స్థానం ఉంది. ఏటా ఎక్కడెక్కడ ఎంతమంది పిల్లలున్నారో లెక్క తీస్తారు, ఆ లెక్కలో సుమారు 10 వేల మంది తేలుతుంటారు. టీచర్లకు, తల్లిదండ్రులకు సలహా ఇచ్చే బృందాలు రాష్ట్రాల్లో కేంద్ర ప్రభుత్వ సొమ్ముతో పనిచేస్తాయి.

ఇంగ్లండులోనూ అంతే. అక్కడ 1955లో రుబెల్లా పిల్లల తల్లులు ఇద్దరు మొదలుపెట్టిన చిన్న బృందమే నేటి సెన్స్ సంస్థ. 2001లో ప్రభుత్వం స్థానిక కౌన్సిళ్లకు ఒక బాధ్యత పెట్టింది. మీ ప్రాంతంలోని బధిరాంధులను మీరే వెతికి పట్టుకోవాలి, జాబితా రాసుకోవాలి, ఈ విషయం తెలిసిన మనిషి చేతనే వాళ్ల అవసరాలు అంచనా వేయించాలి, కావలసిన వారికి తర్ఫీదు పొందిన ఒక తోడును ఇవ్వాలి. వాళ్లంతట వాళ్లు వచ్చి అడగాలని లేదు. కళ్లు కనిపించని, చెవులు వినిపించని మనిషి ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చి క్యూలో నిలబడలేడు కదా. వెతికే బాధ్యత ప్రభుత్వానిది అనడంలోనే న్యాయం ఉంది.

ఇక మన సంగతి. మీజిల్స్, రుబెల్లా కలిపిన టీకా ప్రచారం మన దేశంలో 2017 ఫిబ్రవరిలో మొదలైంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు ఆ ఏడాది ఆగస్టులో వచ్చింది. 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలందరికీ వేశారు, ఇప్పుడు పసిపిల్లల టీకాల పట్టికలో అది భాగం. అప్పుడు కొన్ని చోట్ల భయాలూ పుకార్లూ పుట్టి, బడి రోజున పిల్లల్ని ఇంట్లో దాచుకున్న వాళ్లున్నారు. ఆ టీకా దేన్ని ఆపుతుందో తెలిస్తే ఏ తల్లీ దాచదు.

బధిరాంధత్వానికి రెండో కారణం మన ఇళ్లలోనే ఉంది. అషర్ సిండ్రోమ్ అని ఒక వంశపారంపర్య స్థితి. తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి చొప్పున ఒకే రకం లోపమున్న జన్యువు కలిస్తేనే బిడ్డకు వస్తుంది. మేనరికాల్లో, అక్క కూతుర్ని చేసుకునే పెళ్లిళ్లలో ఇద్దరి దగ్గరా అదే జన్యువు ఉండే అవకాశం పెరుగుతుంది. దక్షిణాదిలో, మన రాష్ట్రాలతో కలిపి, దగ్గరి చుట్టరికపు పెళ్లిళ్లు ఎంత మామూలో నేను చెప్పనక్కర్లేదు. ఈ స్థితిలో సాధారణంగా బిడ్డ చెవుడుతో పుడతాడు. చూపు మొదట బాగానే ఉంటుంది. బధిరుల బడిలో చేరతాడు, సైగల భాష నేర్చుకుంటాడు, స్నేహితులు ఏర్పడతారు. పదేళ్లు దాటాక సాయంత్రం వేళ గడప తట్టుకుంటాడు. చీకట్లో హాస్టలు మెట్లు దిగనంటాడు. అది రేచీకటి. కొన్నేళ్లకు పక్క చూపు తగ్గుతూ వచ్చి, చివరికి గొట్టంలోంచి చూసినట్టు ఎదుట ఉన్న చిన్న భాగమే కనిపిస్తుంది. పక్కనుంచి స్నేహితుడు సైగ చేస్తే చూడడు. టీచరు పరధ్యానం అంటారు, స్నేహితులు పొగరు అంటారు. తనకు ఏమవుతోందో ఆ పిల్లవాడికీ చెప్పేవారుండరు. బధిరుల బడుల్లో ప్రతి పిల్లకూ ఏటా కంటి పరీక్ష, అంధుల బడుల్లో ప్రతి పిల్లకూ ఏటా చెవి పరీక్ష చేయించడం ఖర్చుతో కూడిన పనేమీ కాదు. బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడులకు వచ్చే వైద్య బృందాలున్నాయి. ఆ బృందానికి ఈ ఒక్క మాట చెప్పి ఉంచితే చాలు. చూపు ఉన్నప్పుడే బ్రెయిలీ, చేతిలో సైగలు పట్టుకోవడం నేర్పితే, చూపు పోయిన రోజున ఆ పిల్లవాడికి భాష పోదు.

అసలు ఈ చదువు ఎలా సాగుతుందో కొంచెం దగ్గరగా చూద్దాం. పుట్టుకతోనే రెండూ లేని ఐదేళ్ల పాపను అనుకోండి. ఆ పాపకు మనుషులు ఉన్నట్టుండి ఎక్కడినుంచో ఊడిపడతారు. ఎవరో ఎత్తుకుంటారు, ఎవరో నోట్లో ముద్ద పెడతారు, ఎవరో నీళ్లు పోస్తారు. ముందుగా చెప్పేవాళ్లుండరు. అందుకే ముట్టుకుంటే బిగుసుకుపోతుంది, చేతులు వెనక్కి లాక్కుంటుంది. తెలిసిన టీచరైతే మొదటి రోజు ఏమీ నేర్పదు. పక్కన కూర్చుని తన చేతి వెనక భాగాన్ని పాప చేతి పక్కన ఆనించి ఉంచుతుంది, అంతే. తన చేతికి ఎప్పుడూ ఒకే కడియం వేసుకుంటుంది. పాప ఆ కడియాన్ని తడిమితే వచ్చింది ఫలానా మనిషి అని తెలియాలి. అమ్మకు గాజులు, నాన్నకు గడియారం, టీచరుకు కడియం.

కొన్నాళ్లకు పని మొదలవుతుంది. మనం పిల్లలకు అక్షరాలు దిద్దించేటప్పుడు పైనుంచి వాళ్ల చెయ్యి పట్టుకుంటాం. ఇక్కడ టీచరు చెయ్యి కిందుంటుంది, పాప చెయ్యి పైనుంటుంది. టీచరు గిన్నెలో పిండి కలుపుతుంటే ఆ చేతి కదలిక పైనున్న పాప చేతికి తెలుస్తుంది. ఇష్టం లేకపోతే పాప చెయ్యి తీసేసుకోవచ్చు, ఎవరూ బలవంతం చేయరు. ఈ స్వేచ్ఛే ఆ పాపకు దొరికిన మొదటి మాట అని నాకనిపిస్తుంది.

తర్వాత అరలున్న ఒక చెక్కపెట్టె వస్తుంది. మొదటి అరలో తువ్వాలు ముక్క, రెండో అరలో చెంచా, మూడో అరలో ఊయల తాడు ముక్క. తువ్వాలు తడిమాక స్నానం, చెంచా తడిమాక అన్నం, తాడు తడిమాక ఊయల. అయిపోయిన వస్తువును పక్కనున్న బుట్టలో పాపే వేయాలి. ఇలా రోజూ అదే వరసలో నెలల తరబడి జరిగితే, ఒకరోజు పాప అన్నం కాకముందే తాడు ముక్క తీసి టీచరు చేతిలో పెడుతుంది. ఊయల కావాలని అడిగింది! ఆ పాప బతుకులో అది మొదటి వాక్యం. అక్కడినుంచి వస్తువుల స్థానంలో సైగలు, సైగల తర్వాత కొందరికి బ్రెయిలీ. ఎంతదూరం వెళ్తారన్నది పిల్లను బట్టి ఉంటుంది. కానీ మొదటి వాక్యం దాకా తీసుకెళ్లడానికి ఒక మనిషి పూర్తి కాలం కావాలి.

సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో రజనీశ్ కుమార్ పాండే కేసులో ప్రత్యేక టీచర్ల గురించి ఇచ్చిన తీర్పులో ఈ సంగతి అంకెల్లో ఉంది. సెరిబ్రల్ పాల్సీ పిల్లలు 8 మందికి ఒక టీచరు, మేధో వైకల్యం, ఆటిజం వంటివి ఉన్నవారు ఐదుగురికి ఒకరు, బధిరాంధులైతే ఇద్దరు పిల్లలకు ఒక టీచరు. ఇది ఉదారంగా ఇచ్చిన నిష్పత్తి అనుకోకండి. ఒక టీచరుకు ఉన్నవి రెండు చేతులే.

దేశంలో ఈ చదువుకు తొలి బడిగా పేరున్నది ముంబయిలోని హెలెన్ కెల్లర్ సంస్థ. బెరోజ్ వాచా 1977లో పెట్టారు. లారా బ్రిడ్జ్‌మన్ చదువు మొదలైన 140 ఏళ్లకు అన్నమాట. 1997 నుంచి అహ్మదాబాద్ కేంద్రంగా సెన్స్ ఇండియా పనిచేస్తోంది. ఈ రెండూ స్వచ్ఛంద సంస్థలు. ప్రభుత్వ పక్షాన చెన్నై దగ్గర ముట్టుకాడులో బహుళ వైకల్యాల జాతీయ సంస్థ 2005లో వచ్చింది. నెల్లూరు, తిరుపతి వాళ్లకు అది కొంత దగ్గరే. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో పిల్లను ఎత్తుకుని వెళ్లాలంటే ఆ ఇంట్లో ఎన్ని రోజుల కూలి పోతుందో లెక్కవేయండి.

చట్టం విషయంలో మనం వెనకబడి లేము. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాలే ఉండేవి, బధిరాంధుల పేరు లేదు. 2016 చట్టం 21 రకాలను గుర్తించి, బహుళ వైకల్యాల్లో బధిరాంధత్వాన్ని పేరు పెట్టి చేర్చింది. 16వ సెక్షన్ ప్రకారం చూపు, వినికిడి రెండూ లేని వారికి కూడా వారికి అన్నిటికంటే తగిన భాషలో, తగిన పద్ధతిలో చదువు చెప్పాలి. 31వ సెక్షన్ కింద 6 నుంచి 18 ఏళ్ల దాకా చదువు ఉచితం, దగ్గరి బడైనా, కోరుకున్న ప్రత్యేక బడైనా. ఉద్యోగాల్లో 4 శాతం కోటా ఉంది, అయితే అందులో ఒక్క శాతాన్ని ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం ఉన్నవారితో కలిసి పంచుకోవాలి.

24వ సెక్షన్ దగ్గర ఆగాలి. వైకల్యం ఉన్నవారికి ఇచ్చే సాయం అలాంటి పథకాల్లో ఇతరులకు ఇచ్చేదానికంటే కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలని అందులో ఉంది. మన రెండు రాష్ట్రాలూ ఈ గీత ఎప్పుడో దాటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, తెలంగాణలో 2023 నుంచి 4,016. దేశంలో చాలా రాష్ట్రాల కంటే ఇది మెరుగు, ఈ మాట మనస్ఫూర్తిగా చెప్పాలి. కానీ అదే సెక్షన్‌లో మరో మాట కూడా ఉంది. ఎక్కువ ఆసరా కావలసిన వారికి సంరక్షకుల భత్యం ఇవ్వాలని. పింఛను ఆ మనిషి తిండికి, మందులకు. భత్యం ఆ మనిషి పక్కన ఉండే చేతికి. రెండూ ఒకటి కావు. కేరళలో ఆశ్వాసకిరణం పేరుతో సంరక్షకులకు నెలకు 600 రూపాయల పథకం ఉంది. మొత్తం చిన్నదే, అయినా సంరక్షణ అనేది పని అని ఒక ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకుంది. మన రెండు ప్రభుత్వాలూ ఈ భత్యాన్ని పింఛను పక్కన విడి పద్దుగా పెట్టి, మర్యాదైన మొత్తం ఇవ్వాలి. ఇప్పుడు ఆ పని ఇంట్లో అమ్మ చేస్తోంది. ఆమె కూలికి పోలేదు, పుట్టింటి పెళ్లికి పోలేదు, జ్వరం వస్తే పడుకోలేదు.

బడి వైపు మనకు ఒక మంచి పునాది ఉంది. సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. అక్కడి రిసోర్స్ టీచర్లు, ఐఈఆర్‌పీలు అంటాం, కేంద్రంలో పిల్లలకు చెబుతారు, బడికి రాలేని పిల్లల ఇళ్లకు వెళ్తారు. ఫిజియోథెరపీ ఉంటుంది, రవాణా, ఎస్కార్టు భత్యాలు ఉంటాయి. కేంద్ర ప్రభుత్వ లెక్కలో ఒక్కో పిల్లకు ఏడాదికి 3,500 రూపాయలు, ఆడపిల్లకు అదనంగా నెలకు 200 చొప్పున పది నెలలు. ఈ టీచర్లు ఎండలో ఊళ్లు తిరిగి చేసే పనిని నేను తక్కువ చేయను. అయితే వాళ్లలో ఎక్కువమంది కాంట్రాక్టు ఉద్యోగులు, ఒక్కొక్కరి కింద రకరకాల అవసరాలున్న పిల్లలు ఎందరో. వాళ్ల తర్ఫీదు మేధో వైకల్యంలోనో వినికిడి లోపంలోనో ఉంటుంది. వారానికి ఒకసారి వచ్చే గంటలో చెక్కపెట్టె పాఠం సాగదు. పైగా కడియం చేతి టీచరు కాంట్రాక్టు ముగిసి వెళ్లిపోతే, ఆ పాపకు ఎవరూ సెలవు చెప్పలేరు. ఒక ఉదయం ఆ చెయ్యి రాదు, అంతే. ఇద్దరి మధ్య పెరిగిన సైగలు వేరేవాళ్లకు తెలియవు. అందుకే ఈ పోస్టులు శాశ్వతంగా ఉండటం ఉద్యోగి సంక్షేమం ఒక్కటే అనుకోకూడదు, అది పిల్ల చదువుకు సంబంధించిన సంగతి.

నా ఆలోచన ఇది. ప్రతి మండలంలోనూ బధిరాంధుల టీచరును వేయడం రేపటికి సాధ్యం కాదు. జిల్లాకు ఇద్దరు ముగ్గురిని ముట్టుకాడుకో ముంబయికో ప్రభుత్వ ఖర్చుమీద పంపి తర్ఫీదు ఇప్పించవచ్చు. వాళ్లు తిరిగొచ్చి భవిత టీచర్లకు, తల్లులకు నేర్పుతారు. పక్కన ఉండే తోడుగా ఊళ్లోని యువతినో, ఆ పిల్ల మేనత్తనో ఎంచుకుని, పని నేర్పి, నెల జీతం ఇవ్వవచ్చు. ఆశా కార్యకర్తల వ్యవస్థను ఊరూరా నిలబెట్టిన రాష్ట్రాలకు ఇది తెలియని పని కాదు.

పెద్దల విషయంలో మనం అసలు మొదలే పెట్టలేదు. అషర్ ఉన్న పాతికేళ్ల యువకుడు సైగల భాష బాగా వచ్చినవాడు, పని చేయగలడు. అతనికి తోడు కావలసింది బ్యాంకులో కౌంటరు దగ్గర, ఆసుపత్రిలో డాక్టరు ముందు, బస్టాండులో. ఎదుటివాళ్లు చేసే సైగలను తన చేతులు వాళ్ల చేతుల మీద ఆనించి చదువుకుంటాడు. ఫిన్లాండులో రీట్టా లాహ్టినెన్ ఈ రంగంలో పరిశోధన చేసి వీపు మీద, భుజం మీద ఇచ్చే సంకేతాల పద్ధతికి ఒక రూపు తెచ్చారు. గదిలో తలుపు ఎటుందో వీపు మీద గీసి చూపిస్తారు, ఎవరైనా నవ్వితే భుజం మీద వేళ్లు ఆడించి చెబుతారు. మాట తెలియడం ఒక ఎత్తు, నవ్వుల్లో తానూ కలవగలగడం ఇంకో ఎత్తు. నార్వేలో బధిరాంధులకు ఇలాంటి దుబాసీ సేవ జాతీయ బీమా చట్టం కింద ఉచితం. ఆసుపత్రికే కాదు, స్నేహితుడి ఇంట్లో విందుకు వెళ్లాలన్నా దుబాసీని కోరవచ్చు. విందుకు కూడానా అనిపిస్తుందేమో. మనం విందుకు వెళ్లడానికి ఎవరినీ అడగం కదా.

మీ ఇంట్లోనో వీధిలోనో ఇలాంటివారు ఉంటే ఇప్పుడే చేయగలిగినవి కొన్ని చెబుతాను. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం శిబిరానికి వెళ్లినప్పుడు కంటి డాక్టరు ఒక శాతం రాసి పంపిస్తే అక్కడితో తిరిగి రాకండి. చెవి పరీక్ష కూడా చేయమనండి, చెవి డాక్టరు దగ్గర ఉంటే కంటి పరీక్ష అడగండి. రెండూ కలిపి బహుళ వైకల్యంగా, అందులో బధిరాంధత్వంగా నమోదు చేయించండి. యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డు మీద అది ఎలా పడితే ఆ పిల్ల రేపటి హక్కులు అలా ఉంటాయి. ఒక్క వైకల్యం పేరే పడితే రెండోది లెక్కలోకి రాదు. నేషనల్ ట్రస్టు కింద బహుళ వైకల్యం ఉన్నవారికి నిరామయ ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల దాకా. మండల భవిత కేంద్రంలో పేరు రాయించి, ఇంటికొచ్చి చెప్పే చదువు అడగండి.

ఇంకొకటి, చాలామందికి తెలియనిది. 2016 చట్టం 38వ సెక్షన్ కింద, 40 శాతం లేదా అంతకంటే ఎక్కువ వైకల్యం ఉండి మామూలు కంటే ఎక్కువ ఆసరా కావాలనుకునేవారు ప్రభుత్వం నియమించిన అధికారికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. వాళ్లు రాయలేకపోతే వాళ్ల తరఫున మరొకరు, లేదా ఒక సంఘం పెట్టవచ్చు. అది అంచనా బోర్డుకు వెళ్లాలి, బోర్డు చూసి ఎంత ఆసరా, ఏ రకం ఆసరా అన్నది చెప్పాలి. కావలసింది ఏమిటో వివరంగా రాయండి: రోజుకు ఎన్ని గంటలు పక్కన మనిషి కావాలి, ఏయే పనులకు కావాలి, ఇప్పుడు ఆ పని ఎవరు చేస్తున్నారు, అందువల్ల వాళ్లు ఏ సంపాదన వదులుకున్నారు. జిల్లా దివ్యాంగుల సంక్షేమ కార్యాలయంలో అడిగితే ఎవరికి ఇవ్వాలో చెబుతారు. దరఖాస్తు రెండు ప్రతులు తీసుకెళ్లండి, ఒకదాని మీద తేదీతో సహా ముట్టినట్టు సంతకం చేయించుకుని ఇంట్లో భద్రంగా పెట్టుకోండి.